తొలిగడప యెదుట పుట్టింటి సారె

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు దేవుని కడపలోని శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయద్వారం వద్ద కనిపించే దృశ్యం ఆ సీమకు నూతనం కాదు. టోపీ ధరించిన వృద్ధులు, బురఖా ధరించిన స్త్రీలు, తల్లుల చేయి పట్టుకొన్న బాలలు టెంకాయలతో, పుష్పాలతో, బియ్యం, బెల్లం, చింతపండు మొదలైన స్వయంపాక ద్రవ్యాలతో తక్కిన భక్తుల నడుమ వరుసలో నిలుస్తారు. తిరుమలకు తొలిగడపగా ప్రసిద్ధి చెందిన ఆ క్షేత్రంలో స్వామిని దర్శించి, సమర్పించవలసినది సమర్పించి, తీర్థం స్వీకరించి వెళతారు. వారికి సంవత్సరారంభం అక్కడే.

న్యాయాధికారిని సూచించే ఖాజీ శబ్దాన్ని పేరులోనే నిలుపుకొన్న ఖాజీపేట మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వరకు ఉగాది ఒక్కటే. ఆచరణలు మాత్రం అనేకం. ఒక ఇంట తైలాభ్యంగనం, నింబకుసుమ భక్షణం, పంచాంగ శ్రవణం. మరొక ఇంట మామిడాకుల తోరణం, ఓళిగలు, ఇలవేల్పుకు నైవేద్యం. వేరొక ఇంట ఆలయయాత్రయే సర్వస్వం. ఇన్ని రూపాలలో ఏది ఉగాది, ఏది కాదు అన్న ప్రశ్న ఇప్పుడు తీవ్రస్వరంతో వినిపిస్తున్నది. దానిని శాస్త్రమర్యాద ననుసరించి పూర్వపక్ష సిద్ధాంతాలుగా విచారించడమే ఉచితం.

పూర్వపక్షం ఇది. పండుగ ధర్మానికి అంగం. ధర్మానికి అధికారి ఉంటాడు, విధి ఉంటుంది. అధికారం లేనివాడు విధిరహితంగా చేసినది ఆచరణ కాదు, అనుకరణ మాత్రమే. దానిని ఆలయద్వారంలోనికి అనుమతిస్తే రూపం శిథిలమవుతుంది. రూపం శిథిలమైన తరువాత అర్థం నిలువదు. కాబట్టి పండుగకు ఒకే రూపం ఉండాలి, దానికి కావలి ఉండాలి.

ఈ వాదాన్ని మూఢత్వమని తోసివేయరాదు. రూపం లేని అర్థం లోకంలో ఎక్కువ కాలం జీవించదన్న మాట సత్యమే. కానీ దేశభేదం వల్ల కలిగిన ఉత్సవభేదాన్ని గురించి పూర్వులు ఏమి నిర్ణయించారో పూర్వపక్షి మరచినట్లున్నాడు. జైమినీయ మీమాంసలో హోలాకాధికరణం అని ఒక విచారం ఉన్నది. ప్రాచ్యులు హోలాక అనే వసంతోత్సవం చేస్తారు. దాక్షిణాత్యులు ఆహ్నీనైబుకం చేస్తారు. ఉదీచ్యులు ఉద్వృషభయజ్ఞం చేస్తారు. ఇవి ఆయా దిక్కులవారికే పరిమితమా అని సంశయం. కావు అని సిద్ధాంతం. ఆచారానికి మూలంగా ఊహింపబడే శ్రుతి దిక్కును బట్టి మనుష్యులను విభజించదు. ఒక దేశంలో కనబడినంత మాత్రాన ధర్మం ఆ దేశానికి సొత్తు కాదు. ఆపస్తంబుడు సైతం తన ధర్మసూత్రాన్ని ముగిస్తూ, మిగిలిన ధర్మాలను స్త్రీల నుండి, సర్వవర్ణాల వారి నుండి తెలుసుకోవాలని కొందరి మతంగా పేర్కొన్నాడు. గ్రంథం ముగిసినచోట లోకాచారం మొదలవుతుందన్న స్పృహ ఆ మహర్షులకు ఉన్నది.

ఇక్కడ ప్రత్యర్థి న్యాయంగానే ఒక మాట అనవచ్చు: మీమాంసకుడు వైదికకర్మాధికారులను గురించి మాట్లాడాడే గాని, అన్యమతస్థులను గురించి కాదు. నిజమే. ఆ అధికరణం కడప ముస్లిముకు యజ్ఞాధికారం ఇవ్వదు. అతడు దానిని అడుగనూ లేదు. అతడు అడిగినది స్వామి యెదుట ఒక టెంకాయ సమర్పించడం. పత్రం, పుష్పం, ఫలం, తోయం భక్తితో ఇచ్చేవాని వద్ద స్వీకరిస్తానని పార్థసారథి చెప్పినప్పుడు, ఇచ్చేవాని కులగోత్రాలను షరతుగా పెట్టలేదు. కర్మకు అధికారభేదం ఉన్నదని ఒప్పుకొన్నవాడు సమర్పణకూ అదే భేదం అంటగట్టడం శాస్త్రపరిరక్షణ కాదు, శాస్త్రసంకరం.

అదియునుగాక, కడప ముస్లిములు అతిథులుగా రావడం లేదు, బంధువులుగా వస్తున్నారు. బీబీ నాంచారమ్మ ఢిల్లీ సుల్తాను కుమార్తె అనీ, స్వామిని వరించిందనీ ఐతిహ్యం. ఆ వరుసను బట్టి స్వామి వారికి అల్లుడు. తెలుగు దేశంలో పుట్టింటివారు పండుగకు ఆడపడుచు ఇంటికి వట్టిచేతులతో పోరు. బియ్యం, బెల్లం, చింతపండు అనే ఆ మూట కేవలం కానుక కాదు, పుట్టింటి సారె. ఐతిహ్యం చరిత్ర అవునా కాదా అన్నది వేరు ప్రశ్న. ఆచారం దానిని సత్యంగా జీవిస్తున్నది. ఈ బాంధవ్యాన్ని కడప ఒక్కటే కల్పించుకోలేదు. శ్రీరంగంలో తుళుక్క నాచ్చియారుకు సన్నిధి ఉన్నది. ఆమె నిమిత్తం రంగనాథునికి రొట్టె నివేదిస్తారు. భగవద్రామానుజులతో సంబంధమున్న మేలుకోటలో బీబీ నాచ్చియారు చెలువనారాయణుని పాదసన్నిధిలో ఉన్నది. ఆగమనిష్ఠలో ఎవరికీ తీసిపోని శ్రీవైష్ణవ సంప్రదాయం ఆమెను గర్భాలయం వరకు స్వీకరించిన తరువాత, ఆమె పుట్టింటివారిని గడప వద్ద ఆపడానికి మిగిలే ప్రమాణం ఏది?

రూపానికి కావలి కాస్తే అర్థం రక్షింపబడుతుందా అన్నదానికి దూరదేశపు దృష్టాంతం ఒకటి ఉన్నది. ఐర్లండు ద్వీపవాసులు మార్చి 17న తమ క్రైస్తవ ఆచార్యుడైన పాట్రిక్‌ను స్మరిస్తారు. ఆయన క్రీస్తుశకం అయిదవ శతాబ్దివాడు. కౌమారంలో దోపిడీదారులకు చిక్కి, ఆ ద్వీపంలోనే ఆరేళ్లు దాస్యంలో మందలు కాచినవాడు. ఆ దినం 1903లో అక్కడ ప్రభుత్వ సెలవుదినమైంది. దాని పవిత్రత చెడకుండా 1927లో చట్టం చేసి ఆ రోజు మద్యశాలలు మూయించారు. 1960లో మరొక చట్టం ఆ నిషేధాన్ని తొలగించింది. చట్టం కాపాడిన పవిత్రత చట్టంతోనే పోయింది. సముద్రానికి ఆవల న్యూయార్కులో 1762 నుండి ఊరేగింపులు. చికాగోలో 1962 నుండి నదికే పచ్చరంగు. నది ఆకుపచ్చనైనది, కానీ ఆ రంగులో దాస్యంలో మందలు కాచిన బాలుడు ఎక్కడా కనబడడు.

అదే దినాన్ని కరీబియన్ సముద్రంలోని మాంట్‌సెరాట్ ద్వీపం వేరొక రీతిగా పాటిస్తుంది. అక్కడి తోటల యజమానులలో ఐరిష్ వారు అనేకులు. దాసులు ఆఫ్రికా నుండి తేబడినవారు. 1768 మార్చి 17న యజమానులు పండుగలో మునిగియుండగా తిరుగుబాటు చేయాలని ఆ దాసులు సంకల్పించారు. రహస్యం వెల్లడై నాయకులు ఉరితీయబడ్డారు. వారి స్మృతికై 1985 నుండి ఆ దినం అక్కడ ప్రభుత్వ సెలవుదినం. పాట్రిక్‌తో రక్తసంబంధం చెప్పుకొనే హక్కు ఆ ఆఫ్రికా సంతతికి తక్కువ. అయినా దాస్యంలో మ్రగ్గిన ఆ బాలుని హృదయానికి అత్యంత సమీపంగా ఆ పండుగను ఆచరించేవారు వారే. బాహ్యరూపంలో అత్యంత భిన్నమైనది అంతరార్థంలో అత్యంత సన్నిహితం కావచ్చునన్నది ఈ దృష్టాంతం వల్ల తేలే నిర్ణయం.

అయితే ఏ రూపమైనా సమ్మతమేనా? కాదు. ఆచరణ నానావిధమైనా దానిని పరీక్షించే గీటురాయి ఉన్నది. ఆచరించేవానిలో ఒక నియమం, ఒక దానం, ఒక స్మరణ ఉన్నవా? ఉంటే అది పండుగ. లేకుంటే అది కేవలం సెలవు. ఈ గీటురాయి మీద కడప ముస్లిము తెచ్చిన బెల్లపు ముద్ద నిలుస్తుంది. శుభాకాంక్షల చిత్రాన్ని చరవాణిలో పదిమందికి పంపి, పచ్చడిని దుకాణం నుండి తెప్పించుకొని, పంచాంగ శ్రవణానికి బదులు నటీనటుల వినోదకార్యక్రమం చూసి, సాయంకాలం ఆలయవరుసలో నిలిచినవారి వేషభాషలను ఆక్షేపించే స్వజనుడు ఆ గీటురాయి మీద నిలువగలడా? రూపశైథిల్యం జరిగిన మాట నిజం. కానీ అది తొలిగడప యెదుట జరగలేదు, తన గృహంలో జరిగింది.

రెండవ ప్రత్యర్థికి కూడా సమాధానం చెప్పవలసి ఉన్నది. ఇతడు ఆ వరుసను చూసి ఆనందిస్తాడు, ఛాయాచిత్రం తీస్తాడు, మతసామరస్యమని శీర్షిక పెడతాడు, అంతటితో మరచిపోతాడు. మొదటివాడు భక్తుని బయటికి నెడితే, ఇతడు భక్తిని బయటికి నెడుతున్నాడు. ఆ వృద్ధురాలు సామరస్య ప్రదర్శనకు రాలేదు. అల్లుని చూడడానికి వచ్చింది. ఆమెను ఒక సందేశానికి ఉపకరణంగా చేయడం ఆమె సమర్పణను తక్కువ చేయడమే.

ఈ సీమ ఇటువంటి వారసత్వాన్ని అనేకరూపాలుగా దాచుకొన్నది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యులలో అగ్రగణ్యుడైన సిద్దయ్య దూదేకుల కుటుంబంలో జన్మించినవాడు. ఒంటిమిట్టలో కోదండరాముని దర్శించేవారికి దాహం తీర్చిన బావి ఇమాంబేగు పేరున నిలిచియున్నది. ఆ ఒంటిమిట్టలోనే సీతారామకల్యాణం భద్రాచలంలో వలె నవమి మధ్యాహ్నం కాక, చైత్రపౌర్ణమి సమీపాన రాత్రివేళ జరుగుతుంది. రాముడు ఇద్దరు కాలేదు. కల్యాణం అసత్యం కాలేదు.

ఆచారం తటాకపు కట్ట వంటిది. తరతరాల మట్టితో అది లేస్తుంది. తెగడానికి ఒక్క రాత్రి చాలు. ఒక్క ఉగాది నాడు ఒక్క వృద్ధురాలిని గడప వద్ద నీవెవరవని ప్రశ్నిస్తే, మరుసటి పాడ్యమికి ఆమె మనుమడు రాడు. అతడు రాకపోతే స్వామికి కొరత లేదు. పుట్టింటివారు లేని ఆడపడుచుగా నాంచారమ్మ మిగులుతుంది. ఆ లోపం ఏ పంచాంగ పఠనంతోనూ, ఏ ప్రాయశ్చిత్తంతోనూ పూరింపబడదు. కావలి కాయదలచినవాడు ముందు తన గృహద్వారం వద్ద నిలిచి, లోపల పండుగ ఉన్నదో లేదో చూసుకోవాలి. తొలిగడపకు కావలి స్వామియే.