కట్టని విమానానికి పాఠపరిష్కరణ

రెండవ ప్రపంచయుద్ధపు చివరి నెలలలో జర్మనులు కాగితం మీద గీసి, కట్టకుండానే ఓడిపోయిన జెట్ విమానాలను నేటి కుర్రవాళ్ళు కంప్యూటరు ఆటలలో కట్టి ఎగురవేస్తున్నారు. ఇది వట్టి కాలక్షేపమని తోసివేసే పెద్దలతో నేను ఏకీభవించను. శిథిలమైన తాళపత్ర ప్రతిని పరిష్కరించడం వంటి పని ఇది. అందుచేతనే పరిష్కర్తకు ఉండవలసిన నియమం వీరికీ ఉండాలంటాను.

ఫోకె-వుల్ఫ్ సంస్థవారి టా 183 సంగతే చూడండి. ‘టా’ అన్నది సంస్థలోని ప్రధాన రూపకర్త కుర్ట్ టాంక్ పేరులోని తొలి అక్షరాలు. గీతలో పెద్ద పాలు మాత్రం హాన్స్ ముల్ట్‌హాప్‌ది. గుంపులుగా వచ్చిపడే శత్రువుల బాంబర్లను అడ్డగించడం దాని పని. పొట్టి మొద్దు దేహం, 40 డిగ్రీలు వెనక్కు వాలిన రెక్కలు, పొడవాటి నిలువు తోక, దాని కొసన అడ్డరెక్క. 1945 ఫిబ్రవరి నెలాఖరున ఎంపికైంది. ఏప్రిల్‌లో బ్రిటిషు సేనలు కర్మాగారాన్ని పట్టుకున్నాయి. ఒక్క విమానమూ పూర్తికాలేదు. దీనికి ‘హుకెబైన్’ అని ముద్దుపేరు. అది విల్‌హెల్మ్ బుష్ 1867లో వెలువరించిన బొమ్మల కథలోని బొంతకాకి. ఇంటిల్లిపాదినీ ఏడిపించి, చివరకు సారాయి తాగి, ఊలుదారంలో చిక్కుకొని ఉరిపడి చస్తుంది. పేరు పెట్టినవారు కథ చివరిదాకా చదివారో లేదో!

మా మనుమడు దీనిని సింపుల్ ప్లేన్స్ అనే ఆటలో కట్టాడు. రెక్కను కావలసినంత సాగదీసుకోవచ్చు, దేహాన్ని ముక్కలుగా అతుక్కోవచ్చు. బరువుకు కేంద్రం ఎక్కడుందో, రెక్కలు పైకెత్తే బలానికి కేంద్రం ఎక్కడుందో తెర మీద చూపుతుంది. మొదటిది రెండవదానికి ముందుండాలి. వెనుకబడితే విమానం ముక్కెత్తి పల్టీ కొడుతుంది. యతి తప్పిన పద్యం కనీసం కాగితం మీద నిలబడుతుంది, ఇది అదీ చేయదు. పిల్లవాడు నాలుగు రోజులు కుస్తీ పట్టాడు. పైగా చిత్తుప్రతి ఒకటి కాదు. ఒకదానిలో రెక్క ఒక తీరు, తోక ఒక తీరు. మరొకదానిలో రెండూ వేరు. ఇవి పాఠాంతరాలు కాక మరేమిటి? ఏ ప్రతిని అనుసరించామో చెప్పడం పరిష్కర్త మొదటి ధర్మం.

పేచీ ఇంజను దగ్గర వచ్చింది. దీనికి ఉద్దేశించిన హైంకెల్ 011 ఇంజను త్రోపుడు బలం 1300 కిలోలు. విమానమో నాలుగు టన్నుల పైచిలుకు. అసలు ఆ ఇంజనే ప్రయోగదశ దాటలేదు. మనవాడు ఆటలోని బలమైన ఇంజను బిగించి బాణంలా ఎగురవేశాడు. “ఇంత బలం ఎక్కడిదిరా?” అంటే, “అది లేకపోతే వీడియో బాగుండదు తాతయ్యా” అన్నాడు.

ప్రతిలో అక్షరాలు చెదలు తిన్నచోట సరైన పండితుడు చుక్కలు పెట్టి ‘గ్రంథపాతం’ అని వ్రాస్తాడు. తన పద్యం అల్లి కవి పేరు మీద చెలామణి చేయడు. కట్టని విమానానికి ఉన్న పెద్ద సౌకర్యం అది ఎన్నడూ కూలకపోవడమే. కూలనిది గొప్పదనిపిస్తుంది, ఇంకొక్క ఏడాది గడువు దొరికి ఉంటేనా అనే మాట అక్కడినుంచే పుడుతుంది.

గడువు దొరికినప్పుడు ఏమైందో చరిత్రలో ఉంది. టాంక్ యుద్ధం తరువాత అర్జెంటీనా చేరి, అదే ఊహను మార్చి పెంచి పుల్కీ 2 కట్టాడు. అది 1950లో ఎగిరింది. 1951లో ఒక పైలటు, 1952లో ఓటో బెహ్రెన్స్ అనే మరొక పైలటు దానితో కూలి మరణించారు. ఆ టాంకే తరువాత బెంగుళూరు వచ్చి హిందుస్థాన్ విమాన కర్మాగారంలో మన మారుత్‌కు రూపకల్పన చేశాడు. 1961 జూన్ 17న దానిని మొదట ఎగురవేసిన సురంజన్ దాస్ 1970లో మారుత్ కూలిపోయే అసువులు బాశాడు. మారుత్‌కు అనుకున్న బలమైన ఇంజను చివరివరకూ రానేలేదు.

ఇంకొక గ్రంథపాతం ఉంది. దానిని పూరించవలసినది చుక్కలతో కాదు, మాటలతో. ఆనాటి మెస్సర్‌ష్మిట్ 262 దేహాలను ఆస్ట్రియాలోని గూజెన్ వద్ద సొరంగాలలో నిర్బంధ శిబిరపు ఖైదీలచేత కట్టించారు. హైంకెల్ 162 దేహాలకు హింటర్‌బ్రూల్‌లోని భూగర్భ గనిలో అదే ఏర్పాటు. టా 183 కట్టుబడికి వచ్చి ఉంటే ఆ పని చేసే చేతులు వేరుగా ఉండేవని నేను నమ్మను. ఆటలో రేకులు వాటంతట అవే అతుక్కుంటాయి. చూసేవాడికి ఆ చేతులు కనబడవు. అలాగని ఆడవద్దని నేననను. నమూనా కింద వివరణకు చోటుంది గదా! ఏ చిత్తును అనుసరించాము, ఇంజను బలం ఎంత పెట్టాము, ఏది మన ఊహ, వీటిని కట్టినవారు ఎవరు, ఇవి నాలుగు వాక్యాలు.

మనవాడు బలాన్ని 1300కు దించాడు. విమానం పరుగుబాట కొసదాకా పోయి బద్ధకంగా లేచింది. వీడియోకు పనికిరాదని రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. ఇప్పుడు మారుత్ మొదలుపెట్టి, దానికి నిజంగా అమర్చిన రెండు ఆర్ఫియస్ ఇంజన్ల బలం ఎంతో వెతుకుతున్నాడు.