పీల్చే ఇన్సులిన్ – పొడపత్రి చూర్ణం

నోటితో పీల్చే ఇన్సులిన్‌కు మన దేశంలో 2024 డిసెంబరులో అనుమతి లభించింది. సూది లేదు గనుక అది తేలిక మందని భావించరాదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఇళ్లలో మధుమేహులు కాకరరసం, మెంతులు, పొడపత్రి చూర్ణం సేవించడం పరిపాటి. ఇవి కూడా రక్తంలోని చక్కెరను తగ్గించగలవు. ఇన్సులిన్‌తో కలిసినపుడు చక్కెర మితిమీరి పడిపోయి వణుకు, గుండెదడ, స్పృహ తప్పుట సంభవించవచ్చును. రక్తపోటుకు వాడే ప్రొప్రనలాల్ వంటి మాత్రలు ఆ వణుకును, దడను మరుగుపరుస్తాయి. తరచు చెమట ఒక్కటే గుర్తుగా మిగులుతుంది. స్టెరాయిడ్లు ఇందుకు విరుద్ధంగా చక్కెరను పెంచుతాయి. ఉబ్బసం ఉన్నవారికి, బీడీ, చుట్ట తాగేవారికి పీల్చే ఇన్సులిన్ తగదు.

"ఆకు పసరే గదా" అని డాక్టరు వద్ద దాచడం ఆయుర్వేదాన్ని గౌరవించడం కాదు. మూలికకు గుణమున్నదని నమ్మేవారు ఆ గుణాన్ని లెక్కలోనికి తీసుకొనవలదా? వాడుతున్నవన్నీ ఇరువురు వైద్యులకూ విధిగా తెలుపండి.