వార్డు కమిటీలో విద్యార్థికి చోటివ్వాలి

విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ పక్క బస్తీలో గది అద్దెకు తీసుకున్న విద్యార్థి ఎవరైనా, వార్డు కమిటీలో తనకూ చోటు కావాలని అడిగితే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ‘మీదే ఊరు?’ అన్నదే. ఆదిలాబాద్ అనో, శ్రీకాకుళం అనో చెప్పగానే మాట అక్కడితో ఆగిపోతుంది. చదువుకోవడానికి వచ్చినవాడివి, చదువుకుని వెళ్లిపో అన్న సలహా మాత్రం మిగులుతుంది. ఆ సలహాను మేం అంగీకరించడం లేదు. విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉంటున్న ప్రతి వార్డులోనూ, అక్కడి సలహా కమిటీలో వారికి హక్కుగా స్థానం ఉండాలి. ఎవరో దయతలచి ఇచ్చేదిగా కాదు, నిబంధనల్లో రాసిపెట్టిన స్థానంగా ఉండాలి.

ఉస్మానియా చుట్టూ విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్, మాణికేశ్వర్ నగర్ చూడండి. పోటీ పరీక్షల వాళ్లతో కిక్కిరిసిన అశోక్‌నగర్, చిక్కడపల్లి చూడండి. దిల్‌సుఖ్‌నగర్, కేపీహెచ్‌బీ హాస్టళ్లు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్కనున్న మద్దిలపాలెం, హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయ పరిసరాలు చూడండి. అక్కడి ఇంటి అద్దెలు, మెస్సులు, టిఫిన్ బండ్లు, జిరాక్స్ దుకాణాలు నడుస్తున్నది విద్యార్థుల డబ్బుతోనే. ఇంటి యజమాని మున్సిపాలిటీకి కట్టే ఆస్తి పన్ను ఎక్కడి నుంచి వస్తోంది? నెల తిరగ్గానే ఒక్కో గదిలో నలుగురైదుగురు పోగుచేసి ఇచ్చే అద్దెలో నుంచే. ఆ పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా ఉంది. పన్ను పుస్తకంలో వారి పేరుండదు కాబట్టి పన్ను కట్టనివారన్న ముద్ర వేస్తున్నాం. ఇది అన్యాయం.

కష్టాల్లోనూ వారి వాటా తక్కువేమీ కాదు. రెండు రోజులకోసారి వచ్చే నీళ్లు హాస్టల్ నాలుగో అంతస్తు దాకా ఎక్కవు. లైబ్రరీ మూసే వేళకు వీధి దీపాలు వెలగని సందుల్లో నడిచి గదికి చేరాల్సింది ఆడపిల్లలే. ఒకే మెట్లదారి ఉన్న భవనంలో పదుల సంఖ్యలో మంచాలు వేసి హాస్టల్ అని బోర్డు పెడితే, అక్కడ నిప్పంటుకుంటే బయటపడే దారేదని అడగాల్సిన అవసరం అందరికంటే ముందు వారికే ఉంది. వానాకాలంలో డెంగీ వచ్చి గదిలో ఒంటరిగా పడి ఉండేదీ వారే. సొంతింటివారికి ఇందులో సగం కనిపించదు. వారు చెడ్డవారై కాదు, రాత్రి పదకొండుకు ఆ సందులో నడవాల్సిన అగత్యం వారికి లేదు కాబట్టి. సలహా కమిటీ పెట్టేదే కార్యాలయంలో కూర్చున్న అధికారికి కనిపించనిది చెప్పడానికి. తెలిసినవారిని బయట నిలబెట్టి తెలియనివారి దగ్గర సలహా తీసుకుంటే ఆ కమిటీ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

చట్టం ఇందుకు అడ్డు కాదు, అనుకూలమే. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం ద్వారా స్పష్టంగా చెప్పింది. తెలంగాణ 2019లో తెచ్చిన మున్సిపాలిటీల చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి వార్డులో యువజనులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరు కమిటీలు ఉండాలంది. ఒక్కో కమిటీలో 15 మంది. మరుసటి ఏడాది పట్టణ ప్రగతి కార్యక్రమం పేరిట ఈ కమిటీలను హడావుడిగా వేశారు కూడా. యువజన కమిటీ అంటూ ఒకటి ఉన్నప్పుడు, ఆ వార్డులో నివసించే యువతలో అత్యధికులు విద్యార్థులే అయినప్పుడు, అందులో వారు లేకపోవడానికి సమాధానం ఏమిటి? పేర్లు ఎంపిక చేసేచోట నాయకుల అనుచరులకే పిలుపు అందుతుంది, కొత్తగా వచ్చి ఉంటున్నవారి దాకా ఆ కబురే చేరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వార్డు సచివాలయాలు పనిచేస్తున్నాయి. అవి సర్టిఫికెట్లు, పథకాల సేవలు అందించే కార్యాలయాలు. పౌరులు కూర్చుని తమ వీధి గురించి అభిప్రాయం చెప్పే సభకు అవి బదులు కాలేవు.

ఇక స్థానికత సంగతి. తెలుగునాట ఈ ప్రశ్న చుట్టూ ఉద్యమాలే నడిచాయి, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసేయలేం. అయితే విద్యాసంస్థల ప్రవేశాలకు స్థానికుడెవరో తేల్చడానికి 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు ప్రధానంగా దేన్ని చూశాయి? తాతల నాటి భూమినో, తండ్రి ఇంటినో కాదు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివాడన్నదాన్ని. చదివిన చోటే మనిషిని స్థానికుడిని చేస్తుందని యాభై ఏళ్ల కిందటే ఒప్పుకున్నాం. సీటు కోసం ఒప్పుకున్న ఆ సూత్రం మోరీ దగ్గరికి, వీధి దీపం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చెల్లదు?

ఓటు విషయంలో ఎన్నికల సంఘం వైఖరి ఇంకా సూటిగా ఉంది. 1989లో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి దిగింది. హాస్టల్లోనో, మెస్సులోనో ఉండి ఏడాదికి తగ్గని గుర్తింపు పొందిన కోర్సు చదువుతున్న విద్యార్థి తన సొంతూళ్లో అయినా, చదువుతున్న చోట అయినా ఓటరుగా నమోదు కావచ్చని, ఎంచుకునే హక్కు విద్యార్థిదేనని ఎన్నికల సంఘం చెబుతోంది. కావాల్సిందల్లా సంస్థ అధిపతి ఇచ్చే ధ్రువపత్రం. ఆ వార్డు కార్పొరేటర్‌ను ఎన్నుకోవడానికి అర్హుడైన మనిషి, ఆ కార్పొరేటర్‌కు సలహా చెప్పడానికి అనర్హుడు ఎలా అవుతాడు? స్థానిక సంస్థలకు పోటీ చేయడానికి 21 ఏళ్లు నిండాలన్న నియమం ఉంది, నిజమే. సలహా కమిటీ సభ్యత్వం కార్పొరేటర్ పదవి కాదు. ఓటరైతే చాలన్నది అక్కడ సరైన కొలత.

ఈ తగువు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలోని టెక్సస్‌లో వాలర్ కౌంటీ అధికారి ఒకరు, నల్లజాతి విద్యార్థులు చదువుకునే ప్రెయిరీ వ్యూ విశ్వవిద్యాలయం నుంచి ఓటు నమోదుకు వచ్చినవారికి ప్రశ్నల పత్రం ఇచ్చేవాడు. ఇక్కడ ఆస్తి ఉందా, చదువయ్యాక ఇక్కడే ఉంటావా, ఏ చర్చిలో సభ్యుడివి అన్న తరహా ప్రశ్నలు. ఊళ్లో మిగిలినవారికి లేని ఈ పరీక్ష విద్యార్థులకు మాత్రం పెట్టడం చెల్లదని దిగువ కోర్టు ఇచ్చిన తీర్పును 1979లో ఆ దేశ సుప్రీంకోర్టు ఖాయం చేసింది. వాషింగ్టన్ నగరంలో మన వార్డు కమిటీలను పోలిన సలహా సంఘాలున్నాయి. ఒక్కో సభ్యుడు సుమారు రెండు వేల మందికి ప్రతినిధి, జీతం లేదు, పదవీకాలం రెండేళ్లు, పోటీ చేయడానికి 25 మంది ఓటర్ల సంతకాలు చాలు. మద్యం లైసెన్సుల నుంచి భవన నిర్మాణాల దాకా ఆ సంఘం రాసి పంపిన అభిప్రాయానికి నగర శాఖలు చట్టప్రకారం గట్టి విలువ ఇవ్వాలి. 1996లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు అలాంటి సంఘానికి పోటీ చేసి గెలిచారు. పాత కాపురస్తులు విద్యార్థుల ఓట్లనే సవాలు చేశారు, గొడవ పెద్దదయింది. అయినా విద్యార్థులకు ఆ తలుపు మూసుకుపోలేదు, తర్వాతి ఏళ్లలోనూ వారు అక్కడ సభ్యులయ్యారు.

రెండేళ్లలో వెళ్లిపోయేవాడికి వీధిపై మమకారం ఏముంటుందన్నది బలంగా వినిపించే అభ్యంతరం. సభ్యుడు వెళ్లిపోతాడు, కానీ విద్యార్థులన్నవారు ఆ వార్డు నుంచి ఎన్నడూ వెళ్లిపోరు. నల్లకుంటలో విద్యార్థి లేని రోజు మూడు తరాలుగా లేదు. ఒకరి గది ఖాళీ అయితే మరుసటి వారమే ఇంకొకరు దిగుతారు. ఉండిపోయే సమూహానికి మారుతుండే ప్రతినిధి ఉండటంలో తప్పేమీ లేదు. మున్సిపల్ కమిషనర్లూ రెండు మూడేళ్లకు బదిలీ అవుతూనే ఉంటారు, ఆ కారణంగా వారి మాట తీసేయడం లేదు కదా.

రాజకీయాలు చొరబడతాయన్న భయం ఇంకొకటి. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయింది కొట్లాటల పేరు చెప్పే. ఆ హింసలో ప్రాణాలు పోయిన మాట వాస్తవం, దాన్ని చిన్నది చేసి మాట్లాడం. అయితే ఆ నిలుపుదల వల్ల పార్టీలు క్యాంపస్‌ల నుంచి వెళ్లిపోలేదు. ఎన్నికైన ప్రతినిధి పోయాడు, ఎవరికీ జవాబుదారీ కాని నాయకులు మిగిలారు. లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. హాజరు, వయసు, ఖర్చుకు పరిమితులు పెట్టి ఎన్నికలు జరపాలన్నదే వాటి సారాంశం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. ఒక తరానికి మించి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చదివినవారు ఓటు వేసి తమ ప్రతినిధిని ఎన్నుకోవడమంటే ఏమిటో చూడకుండానే పట్టాలు పుచ్చుకున్నారు. వారికి ప్రజాస్వామ్యం రుచి చూపించడానికి వార్డు కమిటీ కంటే చిన్న మెట్టు, భద్రమైన మెట్టు ఇంకేముంటుంది?

జాతీయ సేవా పథకం మొదలైన 1969 నుంచి విద్యార్థుల చేత వీధులు ఊడిపిస్తున్నాం, మొక్కలు నాటిస్తున్నాం, సర్వేలు చేయిస్తున్నాం. శ్రమకు పనికొచ్చినవారు ఆలోచనకు పనికిరారా? ఆ వీధికి చెత్త బండి ఎన్ని గంటలకు రావాలో చెప్పే సమావేశానికీ వారిని పిలవాలి.

పేరుకు ఒకరిని కూర్చోబెట్టి ఫొటో తీసుకుంటే మాత్రం ఒప్పుకోం. విశ్వవిద్యాలయం, డిగ్రీ కళాశాల లేదా హాస్టళ్ల గుంపు ఉన్న ప్రతి వార్డులో యువజన కమిటీకి కనీసం ఇద్దరు నివాస విద్యార్థులను తీసుకోవాలి, వారిలో ఒకరు అమ్మాయి కావాలి. ఎంపిక కార్పొరేటర్ ఇష్టానికి వదలకూడదు. హాస్టల్ చిరునామాతో ఓటరైన విద్యార్థుల నుంచి దరఖాస్తులు తీసుకుని, అందరి ముందు చీటీలు తీసినా సరే. కమిటీ రాసి పంపిన ప్రతి సిఫార్సుకూ మున్సిపల్ కమిషనర్ నెల రోజుల్లో రాతపూర్వకంగా బదులివ్వాలి, కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పాలి. ఆ బదులు లేకపోతే సలహాకు అర్థం లేదు. జిల్లా, నగర గ్రంథాలయ సంస్థల్లోనూ ఇదే జరగాలి. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో పొద్దున తలుపు తెరవకముందే వరుసలో నిలబడేది విద్యార్థులు. ఆ సంస్థల పాలకవర్గాలను ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. కుర్చీలు చాలడం లేదని, మరుగుదొడ్డి తలుపు ఊడిందని చెప్పగలిగిన పాఠకుడికి అక్కడ ఒక్క స్థానమైనా కేటాయించాలి.

విద్యార్థులకూ బాధ్యత ఉంది. హాస్టల్ చిరునామాలో ఓటు నమోదు చేసుకోకుండా స్థానం అడిగితే ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే కాబట్టి, ఏడాది పొడవునా ఎదురుచూడాల్సిన పని లేదు. ధ్రువపత్రం కోసం రిజిస్ట్రార్ కార్యాలయం చుట్టూ తిప్పించుకోకుండా, ప్రవేశాల రోజునే ఓటరు నమోదు ఫారం-6తో పాటు దాన్ని చేతికివ్వాలని ఉపకులపతులను కోరుతున్నాం. వార్డు కమిటీల్లో విద్యార్థుల స్థానాలు ఖరారు చేసే ఉత్తర్వు రెండు రాష్ట్రాల పురపాలక శాఖలూ వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఇవ్వాలి.