నిర్మించిందెవరు? లాభం ఎవరికి?

"జెండర్ సామాజిక నిర్మితి" అన్న మాట వినిపించని శిక్షణా శిబిరం ఇప్పుడు లేదు. మచిలీపట్నంలోనూ, గుడివాడలోనూ నేను పాల్గొన్న తరగతుల్లో పుట్టుకతో వచ్చిందేది, సమాజం నేర్పిందేది అని చార్టు మీద రాయిస్తారు. "వైఖరులు మారాలి" అంటారు. అక్కడితో చర్చ ముగుస్తుంది. నా అభ్యంతరం ఇక్కడే. నిర్మితి అన్నాక నిర్మించినవాళ్లుంటారు, దానివల్ల లాభపడేవాళ్లుంటారు. వాళ్ల ఊసెత్తకుండా నిర్మితి గురించి మాట్లాడటమంటే సంఘర్షణ నుంచి తప్పుకోవడమే.

ఈ భావనకు ప్రచారం తెచ్చిన పీటర్ బెర్గర్, థామస్ లుక్‌మన్‌ల పుస్తకం 1966లో వచ్చింది. రెండు నిర్వచనాలు తలపడితే, వెనక బలమున్నదే నిలుస్తుందని వాళ్లూ గుర్తించారు. ఆ సగాన్ని మనం శిబిరం గుమ్మం బయటే వదిలేశాం.

మన ప్రాంతంలోనే చూడండి. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది చనిపోయారు. దాన్ని "ప్రకృతి వైపరీత్యం" అంటున్నాం. గాలీ, కెరటమూ ప్రకృతివే. కానీ సముద్రానికి దగ్గర్లో పూరి గుడిసెలో ఎవరుండాలో, మెరక మీద డాబాలో ఎవరుండాలో ప్రకృతి నిర్ణయించిందా? భూమీ, కులమూ నిర్ణయించాయి. "ప్రకృతి" అనగానే ఆ ప్రశ్న మాయమవుతుంది.

"ఆడపని" అన్న మాట చేసేదీ అదే. గుడివాడ చుట్టుపక్కల వరిచేలల్లో దమ్ము మగవాళ్ల పని, నాటు ఆడవాళ్ల పని. బురదలో పొద్దస్తమానం నడుం వంచి చేసేది "తేలిక పని" అయింది! 1976 నాటి సమాన వేతన చట్టం ఒకే పనికీ, ఒకే తరహా పనికీ సమాన కూలీ ఇమ్మంది. పనులే వేరన్నాక ఇక ఆ చట్టం పొలంగట్టు దాటి లోపలికి రాలేకపోయింది. అంటే "ఆడపని" కేవలం అపోహ కాదు, కూలీ డబ్బు మిగుల్చుకునే ఏర్పాటు. ఏర్పాటును నచ్చజెప్పి మార్చలేం.

గొడవకు దిగితే సంఘాలు చీలిపోతాయని కొందరు మిత్రుల భయం. సంఘర్షణ సమూహాన్ని దగ్గర చేయగలదని కూడా లూయిస్ కోజర్ 1956లోనే వాదించాడు. ఆయన పుస్తకం చదవకుండానే నాట్ల ముఠాలకు ఈ సంగతి తెలుసు. నారు ముదిరిపోతుంది, అదను ఆగదు. ముఠా అంతా ఒక్కమాట మీద గట్టునే నిలబడితే "తేలిక పని"కి రేటు పెరుగుతుంది. అప్పటిదాకా ఎవరూ మార్చలేని వైఖరి ఆ పూటకు మారుతుంది.

మన శిబిరాలు నేర్పాల్సింది ఆ గట్టు మీద నిలబడటం. ఆ రోజు మన సంస్థలు ఎవరి పక్కన ఉంటాయో ముందే తేల్చుకోవాలి.