కొత్త లెక్కలో ఎవరి పేరు కొట్టేశారు?

మా బడిలో పిల్లల పుస్తకాల సంచుల మీద సూపర్‌మ్యాన్ ఉంటాడు, బ్యాట్‌మ్యాన్ ఉంటాడు. తెలుగులో మాట్లాడించిన సినిమాల్లో వీళ్లను చూడని పిల్లాడు లేడు. ఈ వీరులు పుట్టింది అమెరికాలో, బొమ్మల కథల పుస్తకాల్లో. వాళ్ల యజమాని డిసి కామిక్స్ అనే కంపెనీ. 2011లో ఆ కంపెనీ తన వీరుల పుస్తకాలన్నీ ఒక్కసారిగా ఆపేసి, 52 పుస్తకాలను ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. దానికి 'న్యూ 52' అని పేరు పెట్టింది. పిల్లల పుస్తకాల గొడవ మనకెందుకులే అనుకోవద్దు. పాత చరిత్ర చెరిపి కొత్తది రాసే అధికారం ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఎవరి బతుకు మిగిలింది, ఎవరిది కొట్టుకుపోయింది అని అడగడం మనకు అలవాటైన పనే.

ముందు జరిగింది చెప్తాం. సూపర్‌మ్యాన్ పుట్టిన యాక్షన్ కామిక్స్ 1938లో మొదలై 904 సంచికల దాకా వచ్చింది. బ్యాట్‌మ్యాన్ పుట్టిన డిటెక్టివ్ కామిక్స్ 881 దాకా వచ్చింది. రెండిటినీ ఒకటికి దించారు. 2011 ఆగస్టు 31న జస్టిస్ లీగ్ మొదటి సంచిక, సెప్టెంబరులో మిగతావి వచ్చాయి. డెబ్బై ఏళ్ల కథ ముందే తెలిసుంటే తప్ప కొత్త పాఠకుడు లోపలికి రాలేకపోతున్నాడు, అందుకే ఈ పని చేశాం అంది కంపెనీ.

ఈ మాటలో నిజం లేకపోలేదు. వెనకటివన్నీ చదివినోడికే ఇక్కడ చోటు అనే గడపల ముందు మేమూ నిలబడ్డవాళ్లమే. మా ఇళ్లలో మాకంటే ముందు చదివినవాళ్లు లేరు. తలుపు తెరవడం తప్పని మేం అనం. చాలా పుస్తకాల ధర 2.99 డాలర్లే ఉంచారు. కొట్లోకి వచ్చిన రోజే కంప్యూటర్లో కూడా కొనుక్కునే వీలిచ్చారు. దగ్గర్లో కొట్టు లేనోడికి అది మేలే. జస్టిస్ లీగ్ మొదటి సంచిక 2 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

మెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. గ్రాంట్ మారిసన్ రాసిన కొత్త యాక్షన్ కామిక్స్‌లో సూపర్‌మ్యాన్ జీన్సు ప్యాంటు, టీషర్టు, పనివాళ్ల బూట్లు వేసుకుంటాడు. అక్రమాలు చేసిన ఓ పెద్ద ధనవంతుణ్ణి పట్టుకొని నేరం ఒప్పిస్తాడు. పోలీసులు తరిమేది మాత్రం సూపర్‌మ్యాన్‌నే. పేదలు కాపురముంటున్న భవనాన్ని కూలగొడుతుంటే అడ్డం పడతాడు. అతను దెబ్బతిన్నప్పుడు ఆ పేదలే వచ్చి అతనికి అడ్డం నిలబడతారు. 1938 నాటి మొదటి సూపర్‌మ్యాన్ ఇట్లాంటోడే. పెళ్లాన్ని కొట్టేవాడి పనిబట్టాడు, కరెంటు కుర్చీ ఎక్కబోయే నిర్దోషిని కాపాడాడు. పాత వేరు దగ్గరకు పోయి కొత్త చిగురు తెచ్చిన ఆ పనికి మేం పూర్తి మార్కులు వేస్తాం.

మరి మిగతా లెక్క ఏంటి? అందరి చరిత్రా ఒకటే తీరుగా చెరిపారా? చెరపలేదు. బ్యాట్‌మ్యాన్ కథ, గ్రీన్ లాంటర్న్ కథ బాగా అమ్ముతున్నాయి గనక వాళ్ల పాత బతుకుల్ని చాలావరకు అట్లాగే ఉంచారు. బ్యాట్‌మ్యాన్ ఒక్కడికే నాలుగు పుస్తకాలు ఇచ్చారు. చెరుపంతా బలం లేనివాళ్ల మీదే పడింది.

బార్బరా గోర్డన్ సంగతి చూడండి. 1988 కథలో తుపాకీ గుండు తగిలి నడుం కింద చచ్చుబడింది. తర్వాత ఓరకిల్ అనే పేరుతో చక్రాల కుర్చీలో కూర్చొని, తన తెలివితోనే మిగతా వీరులందరికీ దారి చూపింది. ఇరవై ఏళ్లకు పైగా నడవలేని పాఠకులకు ఆమె సొంత మనిషి. న్యూ 52లో ఆమెను లేపి నడిపించి మళ్లీ బ్యాట్‌గర్ల్‌ను చేశారు. గెయిల్ సిమోన్ ఆ కథ బాగానే రాసింది. అయినా ఓరకిల్ పోయింది. మొదలుపెట్టిన 52 పుస్తకాలు రాసినవాళ్లలో ఆ గెయిల్ సిమోన్ తప్ప ఇంకో ఆడమనిషి పేరు కనపడదు. ఆ జులైలో శాన్ డియేగో సభలో పాఠకులు ఇదేంటని నిలదీశారు.

నల్లజాతి వీరుల కథ ఇంకా చెప్పాలి. జస్టిస్ లీగ్ మొదటి ఏడుగురిలో సైబోర్గ్‌ను కూర్చోబెట్టారు, సంతోషం. అతని పేరున సొంత పుస్తకం 2015 దాకా రాలేదు. బ్యాట్‌వింగ్ పేరుతో కాంగోలో డేవిడ్ జవింబే అనే వీరుణ్ణి నిలబెట్టారు. 2013లో అతన్ని తప్పించి ఆ ముసుగును అమెరికాలో ఉన్న ల్యూక్ ఫాక్స్‌కు తొడిగారు. ల్యూక్ కూడా నల్లవాడే, కాకపోతే బ్యాట్‌మ్యాన్ కంపెనీ పెద్ద ఉద్యోగి కొడుకు. కాంగో మాయమైపోయింది.

స్టాటిక్‌ది అన్నిటికంటే బాధ. 1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మరికొందరు నల్లజాతి కళాకారులు మైల్‌స్టోన్ అనే సొంత సంస్థ పెట్టారు. డిసి అచ్చువేసి పంచింది, హక్కులు మాత్రం వీళ్లు తమ దగ్గరే పెట్టుకున్నారు. అక్కడ పుట్టినోడే స్టాటిక్, డకోటా అనే ఊళ్లో బడికి పోయే కుర్రాడు. 2011 ఫిబ్రవరిలో మెక్‌డఫీ చనిపోయాడు. ఆ సెప్టెంబరులో స్టాటిక్‌ను సొంత ఊరి నుంచి పెకలించి న్యూయార్క్‌లో నాటారు. 2012లో ఎనిమిది సంచికలకే ఆపేశారు. మొట్టమొదట ఆపేసిన ఆరు పుస్తకాల్లో రెండు నల్లజాతి వీరులవి: స్టాటిక్, మిస్టర్ టెరిఫిక్.

అమ్ముడుపోలేదండీ, మేమేం చేస్తాం అంటారు. డెబ్బై ఏళ్లు నీళ్లు పోసిన చెట్టునూ, ఎనిమిది నెలల మొక్కనూ పక్కపక్కన పెట్టి కాయలు లెక్కపెడతారా? ఇదేం కొలత?

చివరికి 2016లో కంపెనీయే వెనక్కి తగ్గింది. 'రీబర్త్' అని ఇంకో పేరు పెట్టి, యాక్షన్ కామిక్స్‌ను మళ్లీ పాత లెక్కలో కలిపి 957 నుంచి సాగించింది. చెరిపింది తిరిగి రాయొచ్చని దీంతో రుజువైంది. స్టాటిక్ సొంత పుస్తకం మాత్రం 2021లో గాని మళ్లీ రాలేదు. అదీ మైల్‌స్టోన్ వాళ్లు పట్టు వదలకపోబట్టే.

అందుకే మా తీర్పు ఇది. న్యూ 52 తలుపు తెరిచింది, కొత్తవాళ్లను పిలిచింది, అది మంచిదే. లోపల మాత్రం పాత పెద్దల కుర్చీలు కదపలేదు. కొత్తగా వచ్చినవాళ్లకు స్టూలేసి, అది కూడా ఎనిమిది నెలల్లో లాగేసింది.

సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ ఇద్దరు పేద యూదు కుర్రాళ్లు. 1938లో 130 డాలర్లకు హక్కులు రాసిచ్చేశారు. కంపెనీ కోట్లు గడించింది. వీళ్లకు ఏటా కొంత పింఛను, పుస్తకం మీద పేరు దక్కడానికి 1975 దాకా పోరాడాల్సి వచ్చింది. వాళ్ల సంతకం ఒక పాఠం, మైల్‌స్టోన్ సంతకం ఇంకో పాఠం.

కార్యకర్తలకు మా మాట ఒకటే. మీ సాయంత్రం బళ్లలో పిల్లల చేతికి కాగితం, రంగులు ఇవ్వండి. తమ వీరుణ్ణి తామే గీయమనండి, కథ తామే రాయమనండి. కింద పేరు రాసుకోవడం మరిచిపోవద్దని చెప్పండి. ఆ కాగితం వాళ్ల దగ్గరే ఉండాలి.