తెరియాకి రుచి - ఉప్పు లెక్క

ఉద్యోగం ముగించుకొని అలసి ఇల్లు చేరిన గృహిణి, రాత్రి వంట అరగంటలో ముగియాలని కోరుకోవడం తప్పు కాదు. జపాను వారి తెరియాకి కోడి అందుకు అనువైన వంటకమే. ‘తెరి’ అనగా నిగనిగ, ‘యాకి’ అనగా కాల్చుట. సోయా సాస్, మిరిన్ అనే తియ్యని వంట మద్యం, చక్కెర కలిపి మరిగించిన పాకమే ముక్కలకు ఆ మెరుపునిస్తుంది.

అయితే సీసాలలో అమ్మే తయారు పాకం కంటె ఇంట కలుపుకొన్నదే మేలని నా అభిప్రాయం. కారణం ఉప్పు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే సుమారు 2.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు రోజుకు 5 గ్రాములు మాత్రమే. సీసా వంపితే ఈ కొలత మన చేతిలో ఉండదు.

నలుగురికి అరకిలో ఎముకలేని ముక్కలు చాలు. కొద్ది నూనెలో లోపలి వరకు ఉడికేలా వేయించి, రెండు పెద్ద చెంచాల సోయా సాస్, ఒక చెంచా బెల్లం, అల్లం రసం, కొంచెం నీరు చేర్చి దగ్గరపడనివ్వాలి. మిరిన్ లేని లోటు బెల్లం తీరుస్తుంది. వేరుగా ఉప్పు వేయరాదు.

కోడిమాంసం స్నిగ్ధము, ఉష్ణము, బలకరము అని చరకసంహిత చెబుతున్నది. అట్టి ఆహారం మితంగా, పొద్దుపోకముందే భుజించాలి. త్వరగా వండుటలోని అసలు లాభం అదే. ఇంట రక్తపోటు గల పెద్దలుంటే, పాకం పోయకముందే వారి ముక్కలు వేరుగా తీసి ఉంచండి.