గైడులో లేని ఒక్క ఓటు

పోస్టు కొంచెం పెద్దదే, తిన్నాక తీరిగ్గా చదవండి.

నేను బీఏ ఫైనలియర్, పొలిటికల్ సైన్స్. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నాతోనే మొదలు. ఈసారి సెమినార్‌కి నాకు అమెరికా అధ్యక్ష ఎన్నికలు టాపిక్ వచ్చింది. గైడులో 2016లో ట్రంప్‌కి 306 ఎలక్టోరల్ ఓట్లు, హిల్లరీ క్లింటన్‌కి 232 అని ఉంది. యూట్యూబ్‌లో ఒక కోచింగ్ సార్ 304, 227 అన్నారు. మొత్తం ఓట్లు 538. గైడు లెక్క కలిపితే సరిపోయింది. సార్ లెక్క కలిపితే 531. మిగతా ఏడు ఏమైనట్టు? మా లెక్చరర్‌ని అడిగితే "గైడులో ఉన్నది రాసెయ్, పరీక్షకి అది చాలు" అన్నారు. చాలేమో గానీ, ఆ ఏడు ఓట్లు నా బుర్రలోంచి పోలేదు.

మా హాస్టల్లో సిగ్నల్ డాబా మీదే వస్తుంది. రాత్రి అక్కడ కూర్చుని అమెరికా ఎలక్షన్స్ అని కొడితే అన్నీ వార్తలు, తిట్లు, యాడ్లు. గంట పోయింది, ఆ రోజు డేటా పోయింది. మర్నాడు వేరేలా ఆలోచించా. కుల సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిరిగినోళ్లం కదా మనం. ఏ పని ఎవరు చేస్తారు, ఏ కాగితం మీద సంతకం పెడతారు, ఆ కాగితం ఏ బీరువాలో ఉంటుంది అన్నది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. వెతకాల్సింది వార్తని కాదు, కాగితాన్ని.

అక్కడ జనం వేసే ఓటుతో ముందు ఎలక్టర్లు ఎన్నికవుతారు. ఆ ఎలక్టర్లు డిసెంబర్‌లో ఎవరి రాష్ట్రంలో వాళ్లు కూర్చుని అధ్యక్షుడికి ఓటేసి, సర్టిఫికెట్ మీద సంతకాలు పెట్టి పంపుతారు. ఆ సర్టిఫికెట్లు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో రాష్ట్రాలవారీగా స్కాన్ చేసి పెట్టారు. లాగిన్ లేదు, ఫీజు లేదు. జనం ఓట్లని బట్టి గెలుచుకున్న లెక్క 306, 232. ఎలక్టర్లు నిజంగా వేసిన లెక్క 304, 227. ఏడుగురు తమ పార్టీ అభ్యర్థికి వేయలేదు. టెక్సాస్‌లో ఇద్దరు, హవాయిలో ఒకరు, వాషింగ్టన్ రాష్ట్రంలో నలుగురు (రాజధాని కాదు, పడమటి ఒడ్డున ఉన్న రాష్ట్రం).

వాషింగ్టన్‌కి ఉన్న 12 ఓట్లలో క్లింటన్‌కి 8, కాలిన్ పావెల్‌కి 3. చివరి ఒక్కటి ఫెయిత్ స్పాటెడ్ ఈగిల్‌కి.

ఆ పేరు దగ్గర ఆగిపోయా. ఈమె ఎవరని వెతికితే, యాంక్టన్ సూ తెగ మహిళ. తమ నేల మీదుగా, నీళ్ల మీదుగా వేసే ఆయిల్ పైప్‌లైన్లకి ఎదురు నిలబడినామె. అసలు పోటీలోనే లేదు. ఓటేసిన రాబర్ట్ సాటియాకమ్ పుయాలప్ తెగ మనిషి. అమెరికా అధ్యక్ష పదవికి ఎలక్టోరల్ ఓటు పడిన మొదటి ఆదివాసీ ఆమే. ఆ ఓటు వేసినందుకు రాష్ట్రం ఆయనకి వెయ్యి డాలర్ల జరిమానా వేసింది. అదే రాష్ట్రంలో పావెల్‌కి వేసిన ముగ్గురు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఇలా జరిమానా వేసే అధికారం రాష్ట్రాలకి ఉందని 2020లో తీర్పొచ్చింది. ఆ తీర్పు కూడా కోర్టు సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.

మన దగ్గర 2022లో ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతి అయ్యారని గర్వపడ్డాం. అక్కడివాళ్లకి దక్కింది ఆ ఒక్క ఓటు. 306 అని రాసి ఊరుకుంటే అది కూడా కనబడదు. నా గొడవంతా ఇదే. లెక్కని పొట్టిగా చేసిన ప్రతిసారీ ముందు జారిపోయేది మనలాంటోళ్లే. 2020 ఎన్నికల రాత్రి సీఎన్ఎన్ టీవీ ఓటర్లని జాతులవారీగా చూపిస్తూ తెల్లవాళ్లు, లాటినోలు, నల్లవాళ్లు, ఆసియన్లు అని రాసి, "ఇంకేదో" అని కూడా ఒక వరస పెట్టింది. అక్కడి ఆదివాసులు ఆ "ఇంకేదో"లో ఉన్నారు. ప్రభుత్వ కాగితం అయినంత మాత్రాన అన్నీ ఉంటాయని కూడా నమ్మొద్దు. సెన్సస్ బ్యూరో రాష్ట్రాలవారీ పోలింగ్ పట్టికల్లోనూ వాళ్లకి వేరే వరస కనబడలేదు.

"గ్రూప్స్‌కి చదువుకో తమ్ముడూ, అమెరికా మనకెందుకు" అని ఒక సీనియర్ అన్న అన్నాడు. అన్నా, 1924లో చట్టం చేసి ఆదివాసులందర్నీ పౌరులన్నారు. అయినా అరిజోనా, న్యూ మెక్సికోల్లో కోర్టుకెళ్లి గెలిస్తే గానీ, 1948 దాకా ఓటు రాలేదు. 2018లో నార్త్ డకోటాలో ఓటేయాలంటే గుర్తింపు కార్డు మీద వీధి అడ్రసు ఉండాలన్నారు. రిజర్వేషన్లలో (అక్కడ రిజర్వేషన్ అంటే సీటు కాదు, తెగలకి మిగిలిన భూమి) చాలా ఇళ్లకి వీధి పేరే లేదు. మా ఊళ్లో కూడా కవరు మీద మనిషి పేరు, ఊరి పేరు రాస్తే చాలు, ఉత్తరం ఇంటికొచ్చేస్తుంది. ఆ కేసు చదువుతుంటే పరాయి దేశం అనిపించలేదు.

ఎవరికైనా ఇలాంటి టాపిక్ వస్తే ఓట్ల లెక్క, పార్టీల డబ్బు లెక్క ఎఫ్ఈసీ డాట్ గవ్‌లో చూడండి. 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ల పేర్లతో సహా ఉంటాయి. బిల్లులకి కాంగ్రెస్ డాట్ గవ్. అధ్యక్షుల ప్రసంగాలు, పార్టీల మేనిఫెస్టోలు కావాలంటే అమెరికన్ ప్రెసిడెన్సీ ప్రాజెక్ట్. ఆదివాసీ ఓటర్ల అడ్డంకుల మీద నేటివ్ అమెరికన్ రైట్స్ ఫండ్ 2020లో తెచ్చిన రిపోర్టు ఉంది, పెద్దది, వైఫై దొరికినప్పుడు దించుకోండి. ఇంగ్లీషు గట్టిదే. నేను పేజీకి పది మాటలు డిక్షనరీలో చూశా, సిగ్గేం లేదు.

సెమినార్‌లో 304, 227 అనే చెప్పాను. సార్ గైడు తెరిచారు, నా ఫోన్‌లో స్కాన్ కాగితం కూడా చూశారు, ఏమీ అనలేదు. మార్కులు ఇంకా వేయలేదు.

ఇప్పుడు మా నియోజకవర్గం ఫారం 20 దించాను, అందులో బూత్‌లవారీగా ఓట్లు ఉంటాయి. మా ఊరి బూత్ ఉన్న పేజీ స్కాన్ మసగ్గా ఉంది, ఫోన్‌లో 3 ఏదో 8 ఏదో తెలీట్లేదు. ఎవరి దగ్గరైనా కంప్యూటర్ ఉంటే కామెంట్‌లో చెప్పండి, ఆదివారం వస్తాను.